నాన్నగారి కాంచన్

ప్రశ్న: నాన్నగారి పెళ్లినాటి హెచ్‌ఎంటీ కాంచన్ ఆటోమేటిక్ వాచీ బీరువాలో దొరికింది. డయల్ వన్నె తగ్గింది. కొత్త రంగు వేయించమంటారా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దమ్మా, దయచేసి వేయించకండి. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన సంస్థ అది. ఫ్యాక్టరీలో పడిన ఆ అక్షరాల సన్నదనం కొత్త రంగులో రాదు. నా కాంచన్‌కీ ఆరు గంటల గుర్తు దగ్గర గోధుమరంగు మచ్చ ఉంది. అలాగే ఉంచుకున్నాను. ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. లోపల అర్ధచంద్రం లాంటి బరువు గిర్రున తిరుగుతుంది. చెయ్యి కదిలినప్పుడల్లా స్ప్రింగుకు కీ ఇచ్చేది అదే. ముందు మంచి మెకానిక్‌తో విప్పించి, ఎండిన నూనె శుభ్రం చేయించి, కొత్తది వేయించండి. కేసుకు మాత్రం పాలిష్ పెట్టనివ్వకండి, బంగారు పూత లేచిపోతుంది. రోజుకు అర నిమిషం తేడా వచ్చినా టెన్షన్ పడకండి.