పాడే అబ్బాయి బేస్ గిటార్ ఎందుకు పట్టుకున్నాడు?

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఏళ్లు. విశాఖపట్నంలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పుడు చాలా బాగా పాడేవాడు. ఏడేళ్లు కర్ణాటక సంగీతం నేర్పించాం, పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నాడు. ఎప్పటికైనా టీవీ పాటల పోటీలో చూడాలని మావారి కోరిక. హైస్కూలు దాటేసరికి పాట మానేశాడు. ఇంటికి బంధువులు వచ్చినప్పుడు పాడమంటే లేచి గదిలోకి వెళ్లిపోతాడు. కిందటి ఏడాది కాలేజీ బ్యాండులో చేరి, పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఎవరో వాడిన బేస్ గిటార్ కొనుక్కున్నాడు. రోజూ రాత్రి రెండు గంటలు దానితోనే. “ముందు నిలబడి పాడాల్సినవాడివి, వెనక నిలబడి ఆ నాలుగు తీగలు లాగుతావా?” అని మావారు ఒకరోజు గట్టిగా అన్నారు. అప్పటి నుంచి రెండు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. నాకు సంగీతం అంతగా తెలియదు. అసలు ఎవరైనా కోరి ఆ వాయిద్యం ఎందుకు నేర్చుకుంటారు? ఇది ఆత్మన్యూనతా? స్నేహితుల బలవంతమా? వాడిని మీవంటి మానసిక నిపుణులకు చూపించాలా?
– ఒక తల్లి

జవాబు: మీ ప్రశ్నల్లో మొదటిదే అసలైనది. ఎందుకు నేర్చుకుంటారన్నది తెలియక మీరు దిగులుపడుతున్నారు, తెలుసుకోవాలని అనిపించక మీవారు కోప్పడుతున్నారు. మీ అబ్బాయి ఎందుకు నేర్చుకుంటున్నాడో చెప్పగలిగేది అతనొక్కడే. కానీ ఆ వాయిద్యం గురించి మీకు కొంత తెలిసి ఉంటే, మీరు అడిగే తీరు మారుతుంది.

ముందు ఒక పని చేయండి. మీకు బాగా ఇష్టమైన ఇళయరాజా పాట, 1980ల నాటిది, ఒకటి ఎంచుకోండి. ఫోను స్పీకరులో ఒకసారి వినండి. తర్వాత మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ వినండి. ఈసారి గాయకుల గొంతును వదిలేసి, పాట అడుగున మంద్రంగా కదిలే స్వరం ఒకటి ఉంటుంది, దాని వెంట వెళ్లండి. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరాన్ని ఫోనులోని చిన్న స్పీకరు పలికించలేదు. అందుకే మనలో చాలామంది ఏళ్ల తరబడి ఆ పాటలను సగమే విన్నాం. ఇళయరాజా బేస్‌ను తాళం వేయడానికి మాత్రమే వాడలేదు. పల్లవి ఒక దారిన పోతుంటే, కింద బేస్ తనదైన మరో బాణీ అల్లుకుంటూ పోతుంది. ఒక్కసారి అది చెవిన పడ్డాక ఇక వినకుండా ఉండలేం. ఈ వాయిద్యం పట్టేవారిలో కొందరు ఇలా, వినీ వినీ పట్టుకున్నవారే. పాట అంటే గాయకుడే అనుకునే వయసులో వారికి హఠాత్తుగా రెండో పాట వినిపిస్తుంది.

ఇంకొందరి కథ వేరు. వారు కోరుకోలేదు, అవసరం వచ్చి పట్టుకున్నారు. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో బ్రిటన్‌కు చెందిన బీటిల్స్ బ్యాండు నుంచి స్టూవర్ట్ సట్‌క్లిఫ్ చిత్రకళ కోసం తప్పుకున్నాడు. ఆయన వాయించే బేస్ అనాథ అయింది. మిగిలిన గిటారిస్టుల్లో ఎవరూ ఉత్సాహం చూపలేదు. చివరకు పాల్ మెకార్ట్‌నీ తీసుకున్నాడు. వయొలిన్ ఆకారంలో ఉండే హాఫ్నర్ బేస్ ఒకటి కొన్నాడు. ధర తక్కువ, రెండు వైపులా ఒకేలా ఉంటుంది కనుక ఎడమచేతివాటం మనిషికి తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనిపించదు. కారణాలు అంతే. లాస్ ఏంజెలెస్‌లో గిటారిస్టుగా ఉన్న కెరల్ కే, 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించే మనిషి రాకపోతే ఆ చోట కూర్చున్నారు. తర్వాత వేల రికార్డింగులకు ఆమె బేస్ వాయించారు. జాకో పాస్టోరియస్ మొదట డ్రమ్స్ వాయించేవాడు. ఫుట్‌బాల్ ఆటలో మణికట్టు దెబ్బతిని డ్రమ్స్ కష్టమయ్యాక బేస్ వైపు వచ్చి, ఆ వాయిద్యం నడకనే మార్చేశాడు. మన దేశంలో చూస్తే, ముంబైకి చెందిన మోహినీ డే తండ్రి స్వయంగా బేస్ కళాకారుడు. ఆమెకు చిన్ననాడే ఆయన దగ్గర చేయి కుదిరింది. ఏ.ఆర్. రెహమాన్ బృందంతో కలిసి వాయించే స్థాయికి చేరారు.

కాలేజీ బ్యాండుల్లో సాధారణంగా గిటార్ పట్టేవారికి కొదవ ఉండదు, పాడేవారికి అసలే ఉండదు. ఖాళీగా ఉండే చోటు బేస్‌దే. స్నేహితులు “నువ్వు పట్టుకోరా, నీకు శ్రుతి తెలుసు” అని ఉండవచ్చు. దాన్ని బలవంతం అనకండి. ఇరవై ఏళ్ల కుర్రాడికి తన అవసరం నలుగురికి ఉందని తెలియడం చాలా పెద్ద విషయం. ఆ చోటికి రావడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ట్యూషన్ల డబ్బు కూడబెట్టి సొంత వాయిద్యం కొన్నాడంటే, అక్కడ ఉండిపోవాలని అతనే నిర్ణయించుకున్నాడు.

ఇక “వెనక నిలబడటం” అన్న మాట. మీవారు కచేరీలు వినేవారై ఉంటారు, అందుకే ఆయనకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. మృదంగం కుడివైపు మోతకే శ్రోతలు తల ఊపుతారు. కానీ కచేరీకి ముందు విద్వాంసుడు ఎడమవైపు తొప్పికి రవ్వ ముద్ద అద్ది, ఆ గంభీరమైన నాదం కుదిరేదాకా సరిచూసుకుంటాడు. అది లేని మృదంగాన్ని ఆయన ఊహించుకోగలరా? బ్యాండులో బేస్ చేసే పని అదే. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎక్కువ, తక్కువ స్థాయి స్వరాలు కలిసి వినిపిస్తున్నప్పుడు, లయ తప్పితే మన మెదడు తక్కువ స్థాయి స్వరంలోనే దాన్ని బాగా పసిగడుతుందని అందులో తేలింది. అంటే మొత్తం బృందం కాలప్రమాణం మీ అబ్బాయి వేళ్ల మీద ఉంది. అతను తడబడితే, ఎందుకో తెలియకపోయినా, వింటున్నవారికి పాట కుదరలేదని తెలిసిపోతుంది.

అయితే మీవారి భయం పూర్తిగా నిరాధారం అని నేను అనను. ఈ వాయిద్యం పేరు తెచ్చిపెట్టే వాయిద్యం కాదు. 1960లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డుల సంస్థ పాటలకు జేమ్స్ జేమర్సన్ అనే ఆయన బేస్ వాయించాడు, అదీ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో. ఆ పాటలు ప్రపంచమంతా తిరిగాయి. 1971లో ఆ సంస్థ గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ మీద అచ్చయ్యేదాకా ఆయన పేరు శ్రోతలకు చేరనేలేదు. 1983లో నలభై ఏడేళ్లకే చనిపోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2000లో. కొడుకు పేరు పదిమందికీ తెలియాలని కోరుకునే తండ్రికి ఇలాంటి దారి రుచించకపోవడం సహజం. కానీ పేరు కావాలన్న కోరిక తండ్రిదా, కొడుకుదా అన్నది మీ ఇంట్లో ఎవరూ అడగలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం వేరే ఉంది. బంధువుల ముందు పాడమంటే గదిలోకి వెళ్లిపోతాడని రాశారు. మగపిల్లలకు పన్నెండు, పదిహేనేళ్ల మధ్య స్వరపేటిక పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ మార్పు జరిగే నెలల్లో పాడబోతే గొంతు మధ్యలో విరిగిపోతుంది. పలికినట్టే పలికి తప్పుతుంది. బహుమతులు తెచ్చిన ఆ పసి గొంతు ఇక తిరిగి రాదు. కొందరు పిల్లలు ఆ కాలం గడిచాక కొత్త గొంతుతో మళ్లీ మొదలుపెడతారు. మరికొందరికి అప్పట్లో ఎవరి ముందో పాడి అభాసుపాలైన రోజు మనసులో ఉండిపోతుంది. మీ అబ్బాయికి అదే జరిగిందని నేను చెప్పలేను. కానీ పాట మానేసినది ఆ వయసు దాటుతున్నప్పుడే కనుక ఆలోచించాల్సిన విషయం. అదే నిజమైతే, సంగీతాన్ని వదలకుండా, అందరి చూపులూ తన గొంతు మీద పడకుండా ఉండే చోటును అతనే వెతుక్కున్నాడు. దాన్ని ఆత్మన్యూనత అనడానికి నాకు మనసొప్పదు. తనను తాను బాగానే చూసుకున్నాడు.

చూపించాలా అని అడిగారు. స్నేహితులున్నారు, రోజూ సాధన చేస్తున్నాడు, సంపాదించుకుంటున్నాడు. మీరు రాసినంత మేరకు ఆ అవసరం కనిపించడం లేదు. నిద్ర, తిండి బాగా తగ్గినా, బ్యాండుతో సహా అందరినీ తప్పించుకుంటున్నా, పరీక్షలు ఎగ్గొట్టినా, తాను ఎందుకూ పనికిరానని, బతకాలని లేదని అన్నా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు చేయాల్సినవి. అబ్బాయిని “ఎందుకు” అని అడగకండి. రెండు నెలలుగా ఆ ఇంట్లో ఆ మాట నేరారోపణలా మారిపోయింది. “ఇప్పుడు ఏ పాట నేర్చుకుంటున్నావు? నాకు వినిపించు” అనండి. ఆ చేతులు ఒకసారి చూడండి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కొనల మీద బొబ్బలు కట్టి, ఆరి, చర్మం గట్టిపడి ఉంటుంది. ఆ లావు తీగలు మొదటి నెలల్లో అలాగే కోస్తాయి. అది చూశాక ‘తీగలు లాగడం’ అన్న మాట మీ నోటికి రాదు. ఏడేళ్ల సంగీతం వృథా అయిందన్న బాధ కూడా వద్దు. శ్రుతి, తాళం, చెవితో విని స్వరం పట్టుకోవడం, ఇవన్నీ అతనికి అక్కడే వచ్చాయి. ఇప్పుడు మంద్రస్థాయిలో వాడుకుంటున్నాడు.

తండ్రీ కొడుకుల మధ్య వార్తాహరురాలిగా ఉండటం మానేయండి. “నాన్న ఇలా అన్నారు”, “వాడు అలా అన్నాడు” అని మీరు మోసుకెళ్లినంత కాలం వారిద్దరికీ నేరుగా మాట్లాడాల్సిన పని పడదు. మీవారికి ఆ వాయిద్యం నచ్చి తీరాలని నేను అనను. ఆ రోజు తాను అన్న మాట నొప్పించిందని ఒప్పుకుంటే చాలు. ఒక్క వాక్యం, సంజాయిషీ లేకుండా. “కానీ నీ మంచికే” అని కలిపితే ఆ వాక్యం చెడిపోతుంది.

షరతులు పెట్టే హక్కు మీకుంది, అయితే అవి స్పష్టంగా ఉండాలి. పాసవ్వని సబ్జెక్టులు మిగిలి ఉంటే వాటి సంగతి సూటిగా అడగండి. పరీక్షల నెలలో సాధన ఎంతసేపో అతనితోనే చెప్పించండి. రాత్రిపూట చప్పుడు గురించి కూడా మాట్లాడండి. కింది స్థాయి శబ్దం గోడలు దాటి పక్కింటికి వెళుతుంది. హెడ్‌ఫోన్లకు కలిపే చిన్న ఆంప్లిఫయర్ దొరుకుతుంది. దాన్ని మీవారి చేత కొనిపించగలిగితే ఎంత బాగుంటుందో మీకే తెలుసు. అందులోనూ వాల్యూమ్ తగ్గించుకోవాలి, చెవులు మళ్లీ రావు. ఇదే వృత్తిగా చేసుకుంటావా అన్న ప్రశ్న మాత్రం ఇప్పుడు వద్దు. అతను ఆ మాట ఎత్తినట్టు మీరు ఎక్కడా రాయలేదు.

మెకార్ట్‌నీ బేస్ వాయిస్తూనే పాడాడు. ఇది చదివి “చూశావా, నువ్వూ పాడవచ్చు” అని అతనితో అనకండి. పాట ఊసు ఇంట్లో కొన్నాళ్లు రానివ్వకండి, బంధువులకు కూడా ముందే చెప్పి ఉంచండి. కాలేజీలో వారి బ్యాండు కార్యక్రమం ఉన్నప్పుడు రావచ్చా అని అతన్ని అడగండి. సరేనంటే ఇద్దరూ వెళ్లండి, వెనక వరుసలో కూర్చుని పూర్తిగా వినండి. మీవారు రానంటే ఒత్తిడి చేయకుండా మీరొక్కరే వెళ్లండి. వెళ్లిన సంగతి ఆయనకు దాచకండి.