కోడిగుడ్డులో మొదలైన కరోనా చదువు

కరోనా వైరస్‌లు, కొత్తగా పుట్టుకొస్తున్న అంటురోగాలు, వాటి మీద పరిశోధన గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. కరోనా వైరస్‌ల మీద పరిశోధన చెయ్యాలని ఉంది. ఇంట్లో మాత్రం "కరోనా పోయింది కదా, ఇంకా దాంతో ఏం పని?" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థిని, తిరుపతి

ఈ మాట సార్స్ తర్వాత కూడా విన్నాం తల్లీ. 2002-03లో కరోనా కుటుంబానికే చెందిన సార్స్ ఎనిమిది వేల మందికి పైగా సోకి, 774 మందిని పొట్టన పెట్టుకుని అణగిపోయింది. దాంతోపాటే నిధులూ తగ్గాయి. అయినా ఆ పని వదలనివాళ్లు కొందరు మిగిలారు. 2012లో సౌదీ అరేబియాలో మరో కరోనా వైరస్ మెర్స్ బయటపడ్డాక, దాని ఒంటి మీద ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్ ఆకారం మారిపోకుండా రెండు చోట్ల ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం పెట్టి బిగించే పద్ధతిని జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహమ్, కిజ్మెకియా కార్బెట్ తదితరులు 2017లో ప్రచురించారు. 2020 జనవరిలో కొత్త వైరస్ జన్యుక్రమం బయటికి రాగానే ఆ బిగింపునే ఫైజర్, మోడర్నా టీకాల్లో వాడారు. ఎవరూ పట్టించుకోని రోజుల్లో చేసిన పని అది. మీ ఇంట్లోవాళ్లకు ఇదే చెప్పండి.

ఇక దారి. మీ ఊళ్లోనే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీ విభాగం ఉంది, అందులో ఎమ్మెస్సీ చెయ్యవచ్చు. వేరుశనగ పంటకు వచ్చే వైరస్‌ల మీద ఎన్నో ఏళ్లు పనిచేసిన విభాగమది. "మొక్కల వైరస్‌లు నాకెందుకు?" అనుకోవద్దు. వైరస్‌ను వేరుచెయ్యడం, ఎలీసా (యాంటీబాడీలతో వైరస్‌ను పట్టే పరీక్ష), పీసీఆర్ (జన్యుపదార్థానికి కాపీలు తీసి పట్టే పరీక్ష), జన్యుక్రమం చదవడం మొక్కకైనా మనిషికైనా ఒకే చేతిపని. ఎమ్మెస్సీ చదువుతుండగానే సీఎస్‌ఐఆర్-నెట్‌లో లైఫ్ సైన్సెస్, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) వారి బెట్ రాయండి. వాటితో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే 2023 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదేళ్లు పడుతుందనుకోండి. ఆపైన పోస్ట్‌డాక్ రెండు మూడేళ్లు. సొంత ల్యాబ్ చేతికొచ్చేసరికి ముప్పై దాటడం మామూలే.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు వైరస్ పేరు చూసి మోసపోవద్దు. సజీవమైన సార్స్-కోవ్-2ను, అంటే కోవిడ్ తెచ్చే వైరస్‌ను, పెంచాలంటే గట్టి భద్రత ఉండే బీఎస్‌ఎల్-3 ల్యాబ్ కావాలి, అవి తక్కువ. వేరే వైరస్ ఒంటికి కరోనా స్పైక్ తొడిగిన సూడోవైరస్‌తోనూ, జలుబు తెచ్చే ఓసీ43, 229ఈ లాంటి వాటితోనూ బీఎస్‌ఎల్-2లోనే చాలా పని జరుగుతుంది.

మొదటి ఏడాదంతా కణాలు పెంచడం నేర్చుకోండి. కరోనా పనిలో ఎక్కువగా వాడే వీరో కణాలు 1962లో జపాన్‌లో ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసినవి. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, మూడు నాలుగు రోజులకోసారి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చాలి. బాక్టీరియా పడితే మీడియం (కణాలు పెరిగే ద్రవం) మసకబారుతుంది, కంటికి తెలిసిపోతుంది. మైకోప్లాస్మా అనే మరీ చిన్న బాక్టీరియా పడితే మసకబారదు, మామూలు మైక్రోస్కోపులో కనిపించదు. ఆర్నెల్ల ఫలితాలు దొంగలా పట్టుకుపోతుంది. అందుకే నెలకోసారి పీసీఆర్‌తో పరీక్షించాలి.

ఇంకో ఉచ్చు ఉంది. వీరో కణాల్లో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే, స్పైక్‌ను కోసి వైరస్‌ను కణంలోకి రానిచ్చే ఎంజైము దాదాపు ఉండదు. అందువల్ల సార్స్-కోవ్-2ను వాటిలో మళ్లీ మళ్లీ పెంచితే స్పైక్‌లోని ఫ్యూరిన్ అనే ఎంజైము కోసే చోటు పోయిన వైరస్‌లే మిగులుతాయి. సీసా మీద పేరు అదే, లోపలి వైరస్ మారిపోయింది! ప్రతి కొత్త స్టాకుకూ జన్యుక్రమం చదివించాకే ప్రయోగం మొదలుపెట్టాలి.

ప్రశ్న: మాకు గుడ్ల కోళ్ల ఫారం ఉంది. కోళ్లకు వేసే ఐబీ టీకా కూడా కరోనాదేనని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? మాకు అంటుకుంటుందా? టీకా వేసినా ఈ బ్యాచ్‌లో పెంకు ముడతలు పడిన గుడ్లు వస్తున్నాయి. – ఒక రైతు, చిత్తూరు

మీ అబ్బాయి చెప్పింది నిజం. ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ జబ్బును 1931లో అమెరికాలోని నార్త్ డకోటాలో కోడిపిల్లల్లో గుర్తించారు. 1937లో ఆ వైరస్‌ను పొదిగే గుడ్లలో పెంచారు. మనుషుల కరోనా వైరస్‌లు దొరికింది 1960ల మధ్యలో, "కరోనా" అన్న పేరు పెట్టింది 1968లో. అంటే ఈ కుటుంబం గురించిన చదువు మీ షెడ్డులోని పక్షితోనే మొదలైంది. ఇది మనుషులకు జబ్బు తెచ్చే వైరస్ కాదు, భయం వద్దు. బర్డ్ ఫ్లూ వేరు, అది ఇన్‌ఫ్లుయెంజా కుటుంబం.

ముడతల గుడ్లకు కారణాలు చాలా ఉంటాయి గానీ, ముందు టీకా వేసిన తీరు చూడండి. నీళ్లలో వేసే టీకా చాలాసార్లు క్లోరిన్ వల్లే పాడవుతుంది. బ్లీచింగ్ కలిపిన ట్యాంకు నీళ్లు వాడకండి. లీటరుకు 2.5 గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలిపి 20 నిమిషాలు ఆగి, ఆ తర్వాతే టీకా కలపండి. సీసా మూతను నీళ్లలో ముంచి తియ్యాలి. అంతకుముందు గంటో రెండు గంటలో కోళ్లకు నీళ్లు ఆపాలి, మన ఎండాకాలంలో అంతకంటే తక్కువసేపే. కలిపిన నీళ్లన్నీ రెండు గంటల్లో అయిపోయేట్టు తెల్లవారుజామునే పెట్టండి. ఇవన్నీ సరిగ్గా చేసినా జబ్బు వచ్చిందంటే వేరే రకం ఐబీ వైరస్ తిరుగుతుండవచ్చు. ఒక రకం టీకా ఇంకో రకాన్ని సరిగా ఆపదు.

అది తేలాలంటే శాంపిల్ కావాలి. గురక, తుమ్ములు మొదలైన మొదటి వారంలోనే శ్వాసనాళం నుంచి స్వాబ్ తీయించి, ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో వేసి, ఐసు మీద పంపించాలి. గుడ్లు పాడయ్యాక మూడు వారాలకు పంపిన స్వాబ్‌లో చాలాసార్లు ఏమీ దొరకదు. అప్పటికి కిడ్నీ, పేగుల దగ్గరి టాన్సిల్ చూడాలి.

మీ అబ్బాయికి ఆసక్తి ఉంది కాబట్టి ల్యాబ్‌లో తర్వాత ఏం జరుగుతుందో కూడా చెబుతాం. 9 నుంచి 11 రోజులు పొదిగిన గుడ్డును చీకట్లో లైటు ముందు పట్టి, గాలిగది అంచు ఎక్కడుందో పెన్సిల్‌తో గీస్తారు. ఆ గీతకు కాస్త పైన ఆల్కహాల్‌తో తుడిచి, పెంకుకు సన్నని చిల్లు పెట్టి, 0.1 లేదా 0.2 మిల్లీలీటరు శాంపిల్ ఎక్కించి, మైనంతో మూసి, 37 డిగ్రీల్లో ఉంచుతారు. 24 గంటల్లోపు పిండం చనిపోతే అది వైరస్ వల్ల కాదు, సూది దెబ్బో బాక్టీరియానో. ఆ గుడ్డు పారెయ్యాలి. పిండం చుట్టూ సంచిలో ఉండే ద్రవం తీసేముందు గుడ్లను ఒక రాత్రి 4 డిగ్రీల్లో చల్లబరచాలి, లేకపోతే రక్తం కలిసిపోతుంది. మొదటిసారి పిండం మామూలుగానే కనిపించవచ్చు. ఆ ద్రవాన్నే కొత్త గుడ్లలోకి మూడు నాలుగుసార్లు మార్చాక, పిండం గిడసబారి గుండ్రంగా ముడుచుకుని కనిపిస్తుంది. మొదటి గుడ్డు చూసి "వైరస్ లేదు" అని రాసేవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. ఐబీ టీకా వేసిన కోళ్ల గుడ్లు వాడినా తప్పే, పచ్చసొనలోని యాంటీబాడీలు వైరస్‌ను అణచేస్తాయి.

అబ్బాయి బీవీఎస్సీ చేసి, తిరుపతి వెటర్నరీ విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీలో ఎంవీఎస్సీ చేస్తే ఈ పనిలోకి నేరుగా రావచ్చు. జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల పరిశోధనలో పశువైద్యులు చాలా అవసరం.

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆర్‌టీ-పీసీఆర్ రన్‌లో నో టెంప్లేట్ కంట్రోల్‌కు 36 దగ్గర గీత లేచింది. అదే ప్లేట్‌లో రెండు శాంపిళ్లు 35, 37 చూపించాయి. రిపోర్టు ఇవ్వవచ్చా? – శ్రీకాళహస్తి

ఇవ్వకూడదు. శాంపిల్ ఏదీ వెయ్యని కంట్రోల్‌లో గీత లేచిందంటే ఎక్కడో కాలుష్యం పడినట్టే. ఆ రన్‌లోని ఏ పాజిటివ్‌నూ నమ్మలేం. ఆ రెండు శాంపిళ్లనూ మళ్లీ ఆర్‌ఎన్‌ఏ తీసే దశ నుంచి చెయ్యండి. పాత ఆర్‌ఎన్‌ఏ వాడితే పాత కాలుష్యమే తిరిగొస్తుంది.

అది ఎక్కడ పడిందో పట్టుకోవాలి. కొత్త నీళ్లు, కొత్త మాస్టర్ మిక్స్‌తో నాలుగైదు ఖాళీ కంట్రోళ్లు పెట్టండి. గీత పోతే పాత రియాజెంటుదే తప్పు, మిగిలినదీ పారెయ్యండి. పోకపోతే పిపెట్‌దో గదిదో. 1 శాతం హైపోక్లోరైట్‌తో తుడిచి, పది నిమిషాలు ఆగి, ఆపైన 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. ఒక్క ఆల్కహాల్‌తో డీఎన్‌ఏ పోదు. మిక్స్ కలిపే చోటు, ఆర్‌ఎన్‌ఏ కలిపే చోటు, మిషన్ ఉన్న గది వేరువేరుగా ఉండాలి, మనిషి ఆ వరసలోనే నడవాలి. రన్ అయిపోయిన ప్లేట్ సీలు ఎప్పుడూ తెరవకండి. ఒక బొట్టులో కోట్లకొద్దీ కాపీలుంటాయి.

ఇంకో మాట. మనిషి జన్యువు కంట్రోల్, అంటే ఆర్‌నేస్-పి, రాని శాంపిల్‌ను "నెగెటివ్" అని రాయకండి. స్వాబ్ సరిగా తియ్యలేదు, లేదా ఆర్‌ఎన్‌ఏ రాలేదు. మళ్లీ స్వాబ్ అడగండి. సీటీ, అంటే గీత లేచే సైకిల్ సంఖ్య, 3.3 పెరిగితే వైరస్ సుమారు పదో వంతుకు తగ్గినట్టు, కానీ ఒక కిట్ సీటీని ఇంకో కిట్ సీటీతో పోల్చవద్దు.

ప్రశ్న: మా అమ్మాయి వైరస్ ల్యాబ్‌లో చేరుతానంటోంది. ప్రాణానికి ప్రమాదం లేదా? – ఒక తండ్రి, పలమనేరు

ఉంది, దాచడం మంచిది కాదు. సార్స్ అణగిపోయాక 2003-04లో సింగపూర్, తైపీ, బీజింగ్ ల్యాబ్‌ల్లో పనిచేసేవాళ్లకు సోకింది. సింగపూర్‌లో వెస్ట్ నైల్ వైరస్ శాంపిల్‌లో సార్స్ కలిసిపోయింది. తైపీలో ఒలికిన వ్యర్థాన్ని రక్షణ సరిగా లేకుండా శుభ్రం చేశారు. బీజింగ్‌లో చచ్చిందనుకున్న వైరస్ పూర్తిగా చావలేదు. మూడు చోట్లా ఒక అడుగు వదిలెయ్యడమే కారణం.

అందుకే చేరేముందు మీ అమ్మాయి ఆ ల్యాబ్‌లో ఇవి అడగాలి: ఎన్95 మాస్కు ముఖానికి సరిపోతుందో లేదో పరీక్ష చేస్తారా? సేఫ్టీ క్యాబినెట్‌కు ఏటా సర్టిఫికెట్ ఉందా? సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబు పగిలితే అరగంట మూత తియ్యకూడదన్న నియమం రాసిపెట్టారా? వైరస్ చచ్చిందని ఎలా నిర్ధారిస్తారు? రాత్రి ఒంటరిగా పనిచెయ్యనిస్తారా? తడబడకుండా జవాబులు చెప్పే ల్యాబ్‌లో ధైర్యంగా చేర్పించండి.

ప్రశ్న: మా ఊరి చింతచెట్టు నిండా గబ్బిలాలు. చెట్టు కొట్టెయ్యమంటున్నారు. – పుంగనూరు

కొట్టకండి. చెట్టుకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాల్లో నిపా వైరస్ ఉండే మాట నిజం. 2001లో సిలిగురిలో, 2018లో కోళికోడ్‌లో మనుషులకు వచ్చింది. సార్స్ దగ్గరి బంధువులు మాత్రం ఉండేది పురుగులు తినే వేరే గబ్బిలాల్లో. చెట్టు కొడితే చెదిరి ఇంకో తోటలో చేరతాయి, బెదిరిన జంతువు వైరస్‌ను ఎక్కువ వదలవచ్చు కూడా. కొరికిన మామిడి, జామ తినకండి, చెట్టుకింద పశువులను కట్టకండి, చెట్టుకింది బావికి మూత వెయ్యండి. కిందపడిన గబ్బిలాన్ని పిల్లలు చేత్తో పట్టుకోకుండా చూడండి. కరిస్తే 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి.