మగ గంజాయి మొక్క పెంచితే కేసు కాదా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. అగ్రికల్చర్ బీఎస్సీ చేసి, హైబ్రిడ్ పత్తి విత్తనాల పనిలో ఉన్నాను. గంజాయిలో మగ మొక్కకు మత్తుండదని, బ్రీడింగ్ కోసం వాటినే నాన్నగారి పొలంలో పెంచితే కేసు రాదని విజయవాడలోని ఫ్రెండ్ అంటున్నాడు. కిలో లోపైతే చిన్న కేసేనట. నిజమేనా?

జవాబు: నిజం కాదు. విత్తనం వేయకముందే అడిగారు, మంచి పని చేశారు.

పొరపాటు ఎక్కడ మొదలైందో చెబుతాను. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో (మాదకద్రవ్యాల నిరోధక చట్టం) గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. ఇది చదివి మగ మొక్కకు మినహాయింపు ఉందనుకుంటారు. కానీ సాగు విషయంలో చట్టం చూసేది మొక్కనే. కానబిస్ ప్రజాతిలో, అంటే గంజాయి జాతిలో, ఏ మొక్కయినా సరే, ఆడా మగా తేడా లేదు. దాని సాగును సెక్షన్ 8 నిషేధిస్తుంది. సెక్షన్ 20(ఎ) కింద 10 ఏళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కిలో లెక్క గంజాయి దొరికిన కేసులకే. సాగుకు తూకం లేదు, ఒక్క మొక్కయినా సాగే.

పత్తిలో ఆడ వరుసలు, మగ వరుసలు మీరే ముందుగా వేసుకుంటారు. ఇక్కడ అది కుదరదు. మామూలు గింజలు చల్లితే దాదాపు సగం ఆడవే మొలుస్తాయి. కణుపు దగ్గర గుండ్రటి పుప్పొడి తిత్తులో, సన్నటి తెల్ల పోగులో కనిపించేదాకా ఏది ఏదో మీకే తెలియదు. మగ మొక్కలో మత్తు తక్కువే గానీ అసలు లేకపోదు. వంగడంలో సగం గుణాలు తండ్రివే కదా! 'బ్రీడింగ్ కోసమే' అంటే తెలిసే పెంచానని ఒప్పుకున్నట్టే.

నాకు ఎక్కువ బాధగా ఉన్నది మీ నాన్నగారి గురించి. తన పొలంలో ఇలాంటి సాగు ఉంటే వెంటనే పోలీసులకో, సంబంధిత అధికారులకో చెప్పాలని సెక్షన్ 46 అంటుంది. తెలిసీ ఊరుకుంటే ఆయనకూ శిక్షే.

నార, గింజల కోసం ప్రభుత్వం అనుమతించే దారి సెక్షన్ 14లో ఉంది. ఉత్తరాఖండ్ 2018లో అలా లైసెన్సు ఇచ్చింది. అది గుంటూరులో చెల్లదు. నార పంట మీదే ఆసక్తి ఉంటే మన గోగు ఉంది. ఆకు పోలిక చూసి కంగారు పడేవాళ్లున్నారు గానీ దానిమీద ఏ కేసూ లేదు. లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అడగండి.

గింజలు ఇప్పటికే తెప్పించి ఉంటే నాటకండి, ఎవరికీ ఇవ్వకండి. ముందు ఒక క్రిమినల్ లాయరును నేరుగా కలవండి.