మణికట్టును చూడు

ఇచ్ఛాపురం

అమ్మా, ఆశీస్సులు.

పర్లాకిమిడిలో మీ తాతగారి ఇంటి గోడకున్న తైలవర్ణ చిత్రం గురించి నీవు రాసిన వ్యాసమూ, దానితో పంపిన ఫోటో అందాయి. ఒక చేత గాలపు కర్ర, మరొక చేత తాను పట్టిన చేపతో నిలబడిన ఆ కుర్రవాడి కళ్లలో విజయగర్వం తొణికిసలాడుతోందని రాశావు. ఆ మాట ఏ పటానికైనా అతుకుతుంది కనుక ఈ పటానికి అక్కరలేదు.

చేపతో మొదలుపెట్టు. నీవు దానిని "పెద్ద చేప" అని వదిలేశావు. పాము తలను తలపించే ఆ చదునైన తలనూ, వీపు పొడవునా సాగిన రెక్కనూ చూస్తే అది కొరమీను అని నాకు తోచింది. శీలావతి చేప అయితే ఒడ్డున పడ్డాక ఎక్కువసేపు బతకదు, పూట గడిచేసరికి కన్ను మసకబారి లోపలికి పోతుంది, పొలుసుల మెరుపు తగ్గుతుంది. కొరమీను గాలి పీల్చగలదు గనుక, ఒళ్లు తడిగా ఉంచితే గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. పటంలోని చేప కన్ను అంత నిగనిగలాడటానికి చిత్రకారుడి నేర్పు ఒక్కటే కారణం కాకపోవచ్చు.

ఇప్పుడు కుర్రవాడి చేయి చూడు. నూనె రంగు ఒక పూత ఆరడానికే రోజులు పడుతుంది. బొమ్మ పూర్తయ్యే దాకా అతను ఎన్నో పూటలు వచ్చి నిలబడి ఉంటాడు, చేప మాత్రం అన్నాళ్లు నిలవదు. ఫోటోను పెద్దది చేసి చూశాను. మొప్పల కింద వేళ్లు దూర్చి అంత చేపను ఎత్తినవాడికి మణికట్టు నరాలు బిగుసుకోవాలి, భుజం ఒక పక్కకు వాలాలి. ఇతని చేయి ఏ బరువూ లేనట్టు తేలికగా ఉంది. ఆ పూట అతని చేతిలో చేప లేదేమో! నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంటే, నీవు దానిని దాటి వెళ్లిపోయావు.

మాటల సంగతి ఒకటుంది. మీ ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల నోట విని ఆ భాష నేర్చారు. 1938లో వెలువడిన ఆయన సవర నిఘంటువు వెనుక అంత వినికిడి ఉంది. నీవూ మహేంద్రతనయ నది ఒడ్డున గాలం వేసేవారి పక్కన కూర్చుని, నీటిపై తేలే బెండునూ, ఎరనూ, ఈ చేపనూ వారు తెలుగులో ఏమంటారో, ఒడియాలో ఏమంటారో రాసుకో.

ఆ తరువాత పగటి వెలుగులో ఆ చేతిని మరొకసారి చూసి, నాకు ఫోటోలో కనిపించినది నిజమో కాదో జాబు రాయి.