పిలవకుండానే లేచే ప్రోగ్రామ్‌లు

ప్రశ్న: నేను బీమా ఏజెంటును. విండోస్ 11 లాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్ మీద వాడతాను. రోజుకు 1.5 జీబీ డేటా. నాలుగు మెయిల్స్ పంపేలోపే అది అయిపోతోంది. ఆన్ చేయగానే నేను తెరవనివి ఏవేవో తెరుచుకుంటాయి. మా అబ్బాయి అన్నీ ఆపేయమంటాడు, రిపేరు షాపతను దేన్నీ ముట్టుకోవద్దంటాడు. అసలు మనం చెప్పకుండా సాఫ్ట్‌వేర్ తనంతట తాను నడవొచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నన్నడిగితే, నడవకూడదు. నేను తెరవని ప్రోగ్రామ్ నా బ్యాటరీ, నా డేటా వాడుకోవాలంటే ముందు నన్ను అడగాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందే టిక్ పెట్టి ఉంచడాన్ని నేను అడగడం అనను.

అయినా మీ అబ్బాయి మాట పూర్తిగా వినకండి. 2017 మేలో వానాక్రై అనే వైరస్ దేశదేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. అది దూరిన లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది. అది ఎక్కించుకోని మెషీన్లే దెబ్బతిన్నాయి. అప్‌డేట్లు, వైరస్ కాపలా మనం గుర్తుపెట్టుకుని చేసే పనులు కావు, వాటిని నడవనివ్వాల్సిందే. పాలసీదారుల ఆధార్, పాన్ కాపీలు మీ లాప్‌టాప్‌లో ఉంటాయి కదా, మీకు మరీ ముఖ్యం.

ముందు డేటా సంగతి చూద్దాం. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వై-ఫై, అందులో మీ హాట్‌స్పాట్ ప్రాపర్టీస్ తెరవండి. ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయండి. ఈ నెట్ కొలిచి వాడేదని విండోస్‌కు అర్థమవుతుంది. పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి, మీ ఫైళ్లను నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ కూడా వాటిని ఎక్కించడం ఆపుతుంది. మీ ఇబ్బందిలో ఎక్కువ భాగం ఇక్కడే తీరొచ్చు.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. ఎడమవైపు ‘స్టార్టప్ యాప్స్’లో, ఆన్ చేయగానే లేచేవాటి జాబితా ఉంటుంది. వీడియో కాల్ యాప్, పాటల యాప్ లాంటివాటి మీద రైట్ క్లిక్ చేసి ‘డిసేబుల్’ కొట్టండి. అవి ఎక్కడికీ పోవు, మీరు క్లిక్ చేసినప్పుడు తెరుచుకుంటాయి. ప్రింటర్‌తో వచ్చే సహాయక యాప్ కూడా అక్కడ కనిపించొచ్చు. అది లేకపోయినా సాధారణంగా ప్రింట్ వస్తుంది. ఇంకు కొనమని గుర్తుచేయడమే దాని అసలు ఉద్యోగమని నా అనుమానం. విండోస్ సెక్యూరిటీ, సౌండు, టచ్‌ప్యాడ్ పేర్లున్నవాటి జోలికి మాత్రం పోకండి. షాపతను భయపడేది వీటి గురించే అయి ఉంటుంది.

ఇంకో తిరకాసు ఉంది. పైన ఇంటూ నొక్కితే కొన్ని యాప్‌లు మూసుకోవు, గడియారం పక్కన చిన్న గుర్తుగా నక్కి ఉంటాయి. ఆ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ‘క్విట్’ అనాలి. క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లలోనూ మూసేశాక వెనక నడవడానికి అనుమతిచ్చే మీట ఉంది. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ భాగంలో చూసి ఆపేయండి.

మీటర్డ్ అన్న సెట్టింగ్ ఆ ఒక్క హాట్‌స్పాట్‌కే వర్తిస్తుంది. మీ అబ్బాయింట్లో వై-ఫై ఉంటే, వెళ్లినప్పుడల్లా లాప్‌టాప్‌ని అక్కడ చార్జింగ్‌లో పెట్టి, ఆగిపోయిన అప్‌డేట్లు పూర్తయ్యేదాకా వదిలేయండి.