పెళ్లి కాస్తా పిల్లి అయింది!

ప్రశ్న: వేళ్ల నొప్పుల వల్ల టైప్ చేయలేక గూగుల్ డాక్స్‌లో మాట్లాడి రాయిస్తున్నానండీ. ‘పెళ్లి’ అంటే ‘పిల్లి’ అని, ‘కళ’ అంటే ‘కల’ అని పడుతోంది. ప్రతిసారీ మైక్ ఆపి దిద్దేసరికి చెప్పాలనుకున్నది మర్చిపోతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మైక్ ఆపక్కర్లేదండీ. మాట్లాడటం ఆపి, కర్సర్‌ను తప్పు దగ్గర పెట్టి దిద్దేసి, మళ్లీ చివరికి తెచ్చి కొనసాగించండి చాలు. పదం కింద బూడిద రంగు గీత కనిపిస్తే మౌస్ కుడి బటన్ నొక్కండి, వేరే పదాలు చూపిస్తుంది, వాటిలో మీది ఉంటే టైప్ చేసే శ్రమ కూడా తప్పుతుంది. అసలైతే పేరా మొత్తం చెప్పాకే దిద్దుకోవడం మేలు, ఆలోచన తెగిపోదు.

ఇంకోటి, ఒక్కో పదం విడదీసి చెప్పకండి. ఉత్త ‘పెళ్లి’ అంటే దానికి పోల్చుకునే ఆధారం ఉండదు, ‘మా చెల్లెలి పెళ్లి మే నెలలో జరిగింది’ అని ఒక్క ఊపులో చెబితే చుట్టూ ఉన్న మాటల్ని బట్టి సరైనదాన్ని పట్టుకునే అవకాశం ఎక్కువ. ఫ్యాన్ చప్పుడు, టీవీ మోత లేకుండా చూసుకోండి. భాష దగ్గర తెలుగే ఎంచుకున్నారా? అదీ ఒకసారి చూడండి. కామాలు, ఫుల్‌స్టాప్‌లు మాత్రం చేత్తోనే పెట్టుకోండి.