పెద్దమనుషులు రాయించుకున్న బాండ్ పేపర్‌తో దేవుణ్ణి వదిలేసినట్టేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. అమ్మ, నేను ఏడేళ్లుగా యేసు ప్రార్థనకు పోతున్నాం. పోయిన నెల పెద్దమనుషులు పంచాయితీ పెట్టి మాకు కిరాణా సామాను ఇవ్వొద్దన్నారు, ట్రాక్టర్ కిరాయికి పోవద్దన్నారు, నల్లా బంద్ చేశారు. పది రోజులు చూసి, తట్టుకోలేక 100 రూపాయల బాండ్ పేపర్ మీద ‘ఆ దేవుణ్ణి వదిలేశాం, మళ్లీ పోతే 50,000 దండుగ కడతాం’ అని సంతకం పెట్టాను. అమ్మ వేలిముద్ర వేసింది. అప్పటి నుంచి దేవుణ్ణి అమ్ముకున్నానని ఏడుస్తోంది. ఆ కాగితం చెల్లుతుందా? మేం మాదిగలం. ఎస్సీ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. కేసు పెడితే సర్టిఫికెట్‌కు ఇబ్బంది అవుతుందా?

జవాబు: తమ్ముడూ, ముందు అమ్మకు చెప్పు, ఆ కాగితం చెల్లదు. నీళ్లు ఆపి, ఉప్పూ పప్పూ ఆపి వేయించుకున్న వేలిముద్రకు విలువ లేదు. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది, ప్రాథమిక హక్కును మనమే వద్దని రాసిచ్చినా అది పోదని 1959లోనే బషేశర్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలో మతం మారడానికైనా, మానడానికైనా, మళ్లీ పట్టుకోవడానికైనా ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. రేపు ఆదివారం అమ్మ ప్రార్థనకు పోతే ఆ 50,000 ఏ కోర్టులోనూ వసూలు కాదు. బెదిరించి రాయించుకున్న ఒప్పందాన్ని 1872 కాంట్రాక్టు చట్టం కూడా నిలబెట్టదు.

ఇంకో సంగతి, ఆ కాగితం రాయించుకున్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. భారతీయ న్యాయ సంహితలో 308 అని బలవంతపు వసూళ్ల సెక్షన్ ఉంది, దాని కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: లాఠీ మనుషుల్ని పంపి నీ పొలం దున్నిస్తానని బెదిరించి ఒకడి చేత జరిమానా బాండ్ మీద సంతకం పెట్టిస్తే అది నేరమే. మీ ఊరి కథకు, దానికి ఎంత తేడా ఉంది చెప్పు. శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది. బెదిరింపుకు 351 వేరే ఉంది. ఠాణాలో తీసుకోకపోతే (తీసుకోరు, ‘ఊళ్లో మాట్లాడుకోండి’ అంటారు, నేను చాలాసార్లు విన్న మాటే) నల్గొండ ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు, ఇదంతా పోలీసు కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4)లోనే ఉంది. నల్లా సంగతికి మాత్రం కేసు దాకా ఆగకు, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి కాగితం ఇచ్చి రసీదు తీసుకో.

ఇక నీ రెండో ప్రశ్న. కష్టమంతా ఇక్కడే ఉంది. బాప్తిస్మం తీసుకున్నారా లేదా అన్నది నువ్వు రాయలేదు, మర్చిపోయావో, కావాలనే వదిలేశావో. ఊరి పెద్దల కాగితానికి లేని బలం 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వుకు ఉంది. హిందువులు, సిక్కులు, బౌద్ధులు తప్ప వేరే మతంలో ఉన్నవాళ్లు ఎస్సీ కిందికి రారు. 2024 నవంబర్‌లో సెల్వరాణి కేసులో, బాప్తిస్మం తీసుకుని చర్చికి పోతూ ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. మాల మాదిగలు క్రైస్తవంలోకి పోతే వాళ్లకూ వాళ్ల పిల్లలకూ మన దగ్గర బీసీ-సీ కోటా ఉంది, ఒక శాతం రిజర్వేషన్. మతం మారితే కులం బాధ పోతుందా, రిజర్వేషన్ ఒక్కటే పోతుంది కదా అంటావు. నేనూ అదే అంటాను, కానీ ఈ రోజుకు చట్టం అదే.

కేసు పెట్టినంత మాత్రాన సర్టిఫికెట్ రద్దు కాదు, అది చేసేది కలెక్టర్, విచారణ జరిపాకే, కుల సర్టిఫికెట్ల 1993 చట్టం ప్రకారం. కానీ ఫిర్యాదులో ‘మేం క్రైస్తవులం’ అని నువ్వు రాస్తే ఆ విచారణలో ఎవరైనా దాన్నే నీ ముందు పెడతారు. ఇద్దరూ మేజర్లే కదా, అమ్మ బాప్తిస్మం తీసుకుని నువ్వు తీసుకోకపోతే ఎవరి లెక్క వారిది.

కొందరు నీకు ఒక తెలివైన సలహా ఇస్తారు, ఆ బాండ్ పేపరే దాచిపెట్టుకో, మళ్లీ హిందువైనట్టు అది రుజువు అని. ఆ మాట వినకు. 2015లో కె.పి. మను కేసులో చెప్పినట్టు, తిరిగి వచ్చినవాడు నిజంగా వచ్చాడని, కులం వాళ్లు కలుపుకున్నారని చూపించాలి. బెదిరించి రాయించారని ఒకచోట, మనస్ఫూర్తిగా రాశానని ఇంకోచోట చెబితే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే, రెండు కేసులూ పోతాయి.

అట్రాసిటీ కేసు (ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం) పెట్టొచ్చా అంటే, ఎస్సీలను సాంఘికంగా బహిష్కరించడం ఆ చట్టం కింద నేరమే, 3(1)(జెడ్‌సీ). కానీ బహిష్కరించింది మీ కులం పెద్దలే అయితే అది వాళ్లకు వర్తించదు. మీరు మతం మారి ఉంటే కూడా నిలబడదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 308, 351 మాత్రం ఏ కులంవాళ్లు చేసినా, మీది ఏ మతమైనా పడతాయి, అందుకే నేనైతే కేసును వాటి మీదే కడతాను.

ఫీజు టెన్షన్ పెట్టుకోకు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, అమ్మ పేరు మీదే అడుగు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నల్గొండ కోర్టులోనే ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చెయ్యి. ఆ కాగితం ఫోటో నీ ఫోన్‌లో ఉంటే ప్రింట్ తీసి అక్కడికి పట్టుకుపో. లేకపోతే ఆ రోజు ఎవరెవరు కూర్చున్నారో, ఎవరు రాశారో, వేలిముద్ర వేసే ముందు అమ్మకు చదివి వినిపించారో లేదో ఈ రాత్రే ఒక కాగితం మీద రాసిపెట్టుకో.